మెట్ల మలుపు

నేను ఒక మూడంతస్తుల మేడను. ఎత్తు మాత్రం జానెడు. నవ్వకండి, నాకూ కిటికీలున్నాయి, వంటిళ్ళున్నాయి, డాబా మీద నీళ్ళ ట్యాంకు కూడా ఉంది. ఒళ్ళంతా అట్ట, కీళ్ళన్నీ జిగురు. విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు చివరి ఏడాది చదువుతున్న ఇందుమతి నన్ను హాస్టలు గదిలో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని తయారు చేసింది. కోస్తూ కోస్తూ వేలు తెగ్గోసుకుంది. ఆ మరక నా వెనక గోడ మీద ఇప్పటికీ ఉంది. పైన తెల్లరంగు పూసేసి, ఇక ఎవరికీ కనబడదనుకుంది పిచ్చిపిల్ల.

కొండ కింద గెడ్డపేట అని ఒక గుడిసెల పేట ఉంది. గుడిసెలు తీసేసి మేడలు కట్టిస్తామని ప్రభుత్వ ఇళ్ళ ఆఫీసు వాళ్ళు మాటిచ్చారు. వాళ్ళు అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు పేర్చేలోపే, ఉండబోయే వాళ్ళను అడిగి వాళ్ళకు పనికొచ్చే మేడ గీయాలని ఇందుమతి పంతం పట్టింది. దాన్నే చివరి పరీక్షకు ప్రాజెక్టుగా పెట్టుకుంది. కింద సంఘం గది, చిన్నపిల్లల బడి, పైన ఇళ్ళు. ముందువైపు రంగురంగుల బాల్కనీలు. నిజం చెప్పాలంటే, నా అందమంతా ఆ బాల్కనీల్లోనే ఉండేది.

నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పేటకు తీసుకెళ్ళింది. మనుషుల్లో ఒక గుణం నాకు అంతు పట్టదు. ఇంటికొచ్చిన వాళ్ళు ఏం తెచ్చినా బాగుందనే అంటారు. "ఓలమ్మ, ఎంత బాగున్నాదో!" అని నా చుట్టూ మూగి, ఇందుమతికి టీ ఇచ్చి, బిస్కట్లు తెప్పించారు. సన్యాసమ్మ అనే ముసలామె ఒక్కతే కళ్ళు చికిలించి నా లోపలికి చూసింది.

"మెట్లు కూసింత ఎడల్పు సేస్తే బాగున్ను పాపా."

"ఎందుకు మామ్మా? బీరువా పడుతుంది, కొలిచే పెట్టాను."

"బీరువా కోసం కాదులే."

"మరి?"

"ఊరికినే అన్నాను."

పక్కనున్న కోడళ్ళు ఆమెను మోచేత్తో పొడిచారు. "ఊరుకో అత్తా, శుభమా అని కొత్తిల్లు సూపెడతంటే!" అన్నారు. కొత్తింటి ముందు కొన్ని మాటలు అనకూడదట. ఇందుమతికి అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి మాత్రం ఆ పిల్లను వదల్లేదు. పేటంతా తీరిగ్గా చూస్తారని చెప్పి, నన్ను సన్యాసమ్మ ఇంట్లోనే ట్రంకుపెట్టె మీద వదిలి వెళ్ళింది.

ఆ పెట్టె పక్కనే మంచంలో సన్యాసమ్మ మొగుడు ఎర్రయ్య ఉండేవాడు. పక్షవాతం. మాట పడిపోయింది. పగలంతా నా కిటికీల్లోంచి చూస్తూ పడుకునేవాడు. "ఇందులోనే మనిల్లు, అదిగో ఆ పైన," అని సన్యాసమ్మ వేలుపెట్టి చూపించేది. అతను ఎడం చేత్తో నా గోడను తడిమేవాడు. నన్ను అంత ఇష్టంగా తాకినవాళ్ళు మళ్ళీ లేరు.

ఒక ఉదయం ఎర్రయ్య పోయాడు. గుమ్మం ముందు సందులో పడుకోబెట్టారు. పేటంతా చుట్టూ కూర్చుంది. అక్కడే స్నానం చేయించారు, అక్కడే పాడె కట్టారు, నలుగురు భుజాల మీద పెట్టుకుని తిన్నగా నడిచి వెళ్ళిపోయారు. కబురు తెలిసి ఇందుమతి వచ్చేసరికి సన్యాసమ్మ గోడకు చేరగిలబడి ఉంది.

"అదృష్టవంతుడు పాపా," అంది. "నేల మీంచే ఎల్లిపోనాడు. రేపు ఆ పైనుంచి నన్నెలాగ దింపుతారో. గోడలకి తగల్నీకుండా దింపితే సాలు."

ఇందుమతి లేచి నా దగ్గరికి వచ్చింది. తర్వాత దీపం పక్కనున్న ఊదుబత్తి ఒకటి తీసి, నా కొలతలో మనిషంత ముక్క విరిచింది. నా పై అంతస్తు గుమ్మం ముందు అడ్డంగా పెట్టి, రెండు వేళ్ళతో మెట్ల మీదుగా కిందికి నడిపించింది. మలుపులో అది ఇరుక్కుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. చివరికి పుల్లను నిలబెడితే గాని దిగలేదు. నేను అట్టను కాబట్టి నాకు శుభం అశుభం లేదు, చెప్పేస్తాను: నా మెట్ల మీంచి ఆ ముసలామెను దింపాలంటే నిలబెట్టే దింపాలి.

పరీక్ష ముంచుకొచ్చి, ఇందుమతి నన్ను మళ్ళీ హాస్టలుకు తెచ్చుకుంది. "ఇప్పుడు దాన్ని ముట్టుకోకు, మార్కులు పోతాయి," అన్నారు స్నేహితురాళ్ళు. ఇందుమతి బ్లేడు తీసింది. మెట్లు వెడల్పు కావాలంటే చోటు ఎక్కడో ఒకచోట తగ్గాలి. నా బాల్కనీలు పోయాయి. కోస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కింద సంఘం గది ముందు పెద్ద వసారా వచ్చింది. పెళ్ళికైనా చావుకైనా నలుగురూ కూర్చునేంత చోటు. ముఖమంతా అతుకులతో, జిగురు ఆరకుండానే పరీక్షకు వెళ్ళాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్ద పేరున్న ఆర్కిటెక్టు. నా చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "పేదవాళ్ళ ఇళ్ళకు ఇంత వెడల్పు మెట్లా? వృథా కాదూ?" అన్నాడు. "పై అంతస్తులో ఎవరైనా పోతే ఇలా దింపాలండీ," అంది ఇందుమతి. ఊదుబత్తి ముక్క తీసి మెట్ల మీదుగా నడిపించింది. అది మలుపులో హాయిగా తిరిగి, వసారాలోకి వచ్చి పడుకుంది.

ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. "మా నాన్నగారిని అపార్టుమెంటులోంచి కుర్చీలో కూర్చోబెట్టి దింపామమ్మా," అన్నాడు చివరికి. "తాడుతో కట్టి."

ఇందుమతి పాసైంది. కాలేజీ వాళ్ళు నన్ను చెత్తలో వేయబోతే, పేటలోని ఆడవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. అక్కణ్ణుంచి నాకు ఆఫీసు యాత్రలు మొదలయ్యాయి. సోమవారం వస్తే చాలు, సన్యాసమ్మ ఒళ్ళో కూర్చుని ఆటో ఎక్కేదాన్ని. ఇందుమతి ఎక్కడో చిన్న ఉద్యోగంలో చేరింది, అయినా సెలవు పెట్టి మరీ వచ్చేది. ఇంజనీరు నా డాబా మీద టీ గ్లాసు పెట్టుకుని, "ప్లాను మారదు" అనేవాడు. ఆ గుండ్రటి మచ్చలు ఇంకా ఉన్నాయి. వీళ్ళు లేచేవారు కాదు. సన్యాసమ్మ కొంగు ముడి విప్పి, ఇందుమతి ఇచ్చిన ఊదుబత్తి ముక్క తీసేది. ఆఫీసు వాళ్ళ నమూనా కూడా అక్కడే బల్ల మీద ఉండేది. ముందు దాని మెట్ల మీద పెట్టేది, తర్వాత నా మెట్ల మీద. ఇంజనీరు మొదట్లో మొహం తిప్పుకునేవాడు. ఒక సోమవారం మాత్రం తిప్పుకోలేదు. ఆ పుల్ల తనే తీసుకుని, తన మెట్ల మీద తనే నడిపించి చూసుకున్నాడు.

మేడ కట్టారు. నా చుట్టూ అంటించిన స్పాంజి చెట్లు రాలేదు, రంగులు రాలేదు. మెట్లూ వసారా మాత్రం నాలో ఉన్నట్టే వచ్చాయి. నన్ను కింద సంఘం గదిలో గూట్లో పెట్టారు. నా కడుపులో ఉన్న గదే ఇప్పుడు నన్ను కడుపులో పెట్టుకుంది. గూట్లోంచి చూస్తే మెట్ల మలుపు ఎదురుగా కనిపిస్తుంది.

సన్యాసమ్మకు చీటీలో పై అంతస్తే వచ్చింది. ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ, మలుపులో ఆగి గోడలను చేత్తో కొలుచుకుంటూ చాలా కాలమే బతికింది. మొన్న ఆమెను దింపారు. ఇందుమతి వచ్చి మలుపులో నిలబడింది. నలుగురు మగవాళ్ళు భుజాలు కలిపి మోస్తూ వస్తుంటే, "మెల్లగా... ఇటు తిరగండి... మెల్లగా," అంటూ తన చెయ్యి ముసలామెకూ గోడకూ మధ్య అడ్డం పెట్టింది.

సన్యాసమ్మ పడుకునే వచ్చింది. ఎక్కడా తగల్లేదు.