కాంటా అటు తిప్పు

వరంగల్ చౌరస్తాలో సారంగపాణిది ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. బిందె కొన్నా చెంబు కొన్నా అక్కడ తూకమే. తూచే ముందు పనివాళ్లతో ఆయన అనే మాట ఒకటే: "కాంటా అటు తిప్పు." అంటే అంకెలు కొనేవాళ్ల వైపు కనబడాలి, పైసలిచ్చేవాడు తన కళ్లతో తాను చూసుకోవాలి. ఈ ఒక్క మాట మీదే బజారులో ఆయనకు పేరు నిలబడింది. ఇంత మంచి అలవాటు ఇంటికొచ్చి సొంత కూతురి గొంతు కోస్తుందని ఎవరనుకుంటారు?

కూతురి పేరు రమ్య. డిగ్రీ చివరి ఏడాది. హసన్‌పర్తి దారిలోని క్లబ్బులో గుర్రపు స్వారీ నేర్చుకుంది. కోమట్ల పిల్లకు గుర్రాలెందుకని బంధువులు ముసిముసిగా నవ్వారు. పోటీల్లో పతకం మెడలో వేసుకుని వచ్చాక ఆ నవ్విన నోళ్లే మిఠాయి తిన్నాయి. సారంగపాణి పొంగిపోయి కూతురికి చాందిని అనే ఎర్రటి ఆడగుర్రాన్ని కొనిచ్చాడు. కొనేటప్పుడు దాని పళ్లు చూశాడు, కాళ్లు నొక్కి చూశాడు, బిందెను కొట్టి చూసినట్టు మెడ మీద తట్టి కూడా చూశాడు.

పోయిన వానాకాలంలో, దూకాల్సిన అడ్డకర్ర ముందు చాందిని ఉన్నట్టుండి ఆగిపోయింది. రమ్య దాని తల మీదుగా ఎగిరి మట్టిలో పడింది. భుజం ఎముక విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ, అప్పటి నుంచీ కర్ర దగ్గరకు రాగానే ఆమె చేతులు వాటంతటవే కళ్లెం లాగేస్తున్నాయి. చలికాలం పోటీలు దగ్గర పడుతున్నాయి. ఇట్లాగే ఉంటే స్వారీ మానుకోవడమే దారి.

కోచ్ రాకేష్ దుకాణానికే వచ్చి చెప్పాడు. "సేటూ, ఎముకకు దవాఖానల చూపిచ్చినం. ఇగ మనసుకు చూపియ్యాలె. హైదరాబాద్‌ల ఒక మేడమున్నది, ఆటగాళ్ల మనసు గురించే చదివింది. వీడియో కాల్‌లనే మాట్లాడ్తది."

"గుర్రం దానాకు కడ్తాన, దాని కాళ్ల నాడాలకు కడ్తాన. ఇప్పుడు భయానికి గూడ ఫీజు కట్టాల్నా?" అన్నాడు సారంగపాణి. "ఆగింది గుర్రం. మరి దాన్ని గూడ ఫోన్ ముందట కూసోబెడ్తవా?"

ఇంట్లో ఆ రాద్ధాంతం రెండు రోజులు నడిచింది. చివరికి రమ్యే అంది. "నా ట్యూషన్ పైసలున్నయి బాపూ. స్వారీ చేసేది నేను, భయపడేది నేను. నేనే కట్టుకుంట."

ఆ మాట సారంగపాణికి చురుక్కున తగిలింది. "నేను బతికుండంగ నీ పైసలెందుకే? నలుగురు వింటే నవ్వుతరు. నేనే కడ్త."

"కడ్త అంటాండు గదా, ఇగ ఊకో బిడ్డా" అంది తల్లి విజయలక్ష్మి, గొడవ తీరిందన్న సంబరంతో. రమ్యకూ సంతోషమే అయింది. తండ్రి అంత తొందరగా మెత్తబడతాడని ఆమె అనుకోలేదు.

మేడమ్ మొదటి రోజే అడిగింది: "ఫీజు మీరు కడుతున్నారా, ఇంట్లోవాళ్లా?"

"మా బాపు."

"సరే. ఇక్కడ మాట్లాడింది ఇక్కడే ఉంటుంది."

రమ్య ఆ మాట నమ్మింది. కాల్ వచ్చినప్పుడల్లా గది తలుపు వేసి, గొంతు బయటికి వినబడకుండా ఫ్యాన్ పెంచి కూర్చునేది. మొదట్లో నిద్ర గురించి, ఊపిరి గురించి మాట్లాడుకున్నారు. ఒకరోజు కడుపులో ఉన్నది బయటికొచ్చింది.

"నాకు పడుడంటే భయం లేదు మేడమ్. ఆనాడు నేను మట్టిల పడి ఉన్న. గేటు కాడి నుంచి బాపు ఉరికొచ్చిండు. నన్ను దాటి చాందిని కాడికి పోయిండు. వంగి దాని కాలు పట్టి చూసిండు. ఆ తర్వాతనే నా దిక్కు తిరిగిండు. కర్ర ముందటికి రాంగనే నాకు గదే కనబడ్తది."

"ఈ మాట ఆయనకు చెప్పావా?"

"చెప్ప. చెప్తే పానం విడుస్తడు. ఇంకొకటి, చెప్పినంక ఆయన నా కాడికొచ్చినా, నేను చెప్పిన్నని వచ్చినట్టే గదా? మీరు గూడ ఎవ్వరికి చెప్పొద్దు."

"చెప్పనమ్మా."

ఆ రోజు రమ్య చాలాసేపు ఏడ్చింది. ఏడ్చాక మనసు తేలికైంది. మర్నాడు చిన్న కర్రను దాటింది కూడా. ఇంకో నాలుగైదు కాల్స్‌తో పెద్దది కూడా దాటేస్తానన్న ధైర్యం చిక్కింది.

ఆదివారం క్లబ్బుకు సారంగపాణి కూడా వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గర కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ చూసే మనిషి, ఈసారి నేరుగా మైదానంలోకి నడిచి అడ్డకర్ర పక్కన నిలబడ్డాడు.

"బాపూ, గేటు కాడ కూసో. గుర్రం బెదుర్తది."

"బెదరనీ. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. ఈసారి పడ్డవనుకో, గుర్రం ఏమన్న గానీ, ముందుగాల నీ కాడికే ఉరికొస్త."

రమ్య జీను మీద నుంచి వంగి ఆయన ముఖంలోకి చూసింది.

"నీకెవరు చెప్పిండ్రు?"

సారంగపాణి ముఖంలో దాపరికం లేదు, తప్పు చేశానన్న జంకూ లేదు. "మేడమే. నేనే ఫోన్ చేసి అడిగిన. ముందుగాల నసిగింది. పైసలు నేను కడ్తాన, కాంటా జర నా దిక్కు తిప్పున్రి మేడమ్, లేకుంటే వచ్చే నెల నుంచి బంద్ అన్న. అప్పుడు చెప్పింది. మంచికే గదనే! ఆనాడు గుర్రం నిన్ను తొక్కుతదేమోనని దాని కాలు పట్టుకున్ననో ఏమో, నాకే యాదికి లేదు."

ఆ చివరి మాట ఎంత విలువైనది! నెలల తరబడి రమ్య ఎదురుచూసింది ఆ మాట కోసమే. తనంతట తానుగా, ఏ సాయంత్రమో చాయ్ తాగుతూ అని ఉంటే అక్కడే అన్నీ మరిచిపోయేది. ఇప్పుడది నిజమో, తన ఏడుపు విన్నాక అల్లుకున్నదో ఎట్లా తెలుస్తుంది? కంచే చేను మేసింది. తల్లికి కూడా వినబడకుండా దాచుకున్న మాటను, ఫీజు పోతుందని భయపడి ఆ మేడమ్ అమ్మేసింది. కొన్నవాడు కన్నతండ్రి.

రమ్య గుర్రాన్ని వెనక్కి తిప్పింది. దూరం నుంచి మడమలు నొక్కి వదిలింది. కర్ర దగ్గరికొచ్చింది. చేతులు కళ్లెం లాగలేదు. ఒళ్లంతా కోపమే ఉంటే భయానికి చోటెక్కడిది? చాందిని గాలిలోకి లేచి అవతల దిగింది.

రాకేష్ చప్పట్లు కొట్టాడు. సారంగపాణి పరుగెత్తుకొచ్చాడు. అలవాటు చొప్పున గుర్రం కాలి వైపు వంగబోయాడు. చటుక్కున గుర్తొచ్చినట్టు ఆగి, చుట్టూ తిరిగి రమ్య దగ్గరికొచ్చి మోకాలి మీద చెయ్యి వేశాడు. వేసి, తల పైకెత్తి, చూశావా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

"చూసినవా సార్, పైసలు ఊకె పోలే!" అన్నాడు రాకేష్‌తో.

రమ్య అవతలి వైపు నుంచి దిగింది.

సాయంత్రం మేడమ్ కాల్ వచ్చింది. రమ్య తలుపు వెయ్యలేదు, ఫ్యాన్ పెంచలేదు.

"కర్ర దాటావట కదా! నాన్నగారు మెసేజ్ పెట్టారు. ఎలా అనిపిస్తోంది రమ్యా?"

రమ్య ఫోన్ పట్టుకుని హాల్లోకి నడిచింది. సారంగపాణి టీవీ చూస్తున్నాడు. ఆయన ముందున్న బల్ల మీద ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెట్టి, మేడమ్ ముఖం ఆయనకు కనబడేలా సరిచేసింది.

"కాంటా నీ దిక్కు తిప్పిన బాపూ. చూస్కో. నా కాడైతే ఇగ తూచేందుకు ఏం లేదు."

"హలో, రమ్యా?" అంది ఫోన్. సారంగపాణి ఫోన్ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

రమ్య తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.