వచ్చినట్టు చెప్పని పిల్ల

ఆ సోమవారం తొమ్మిదీ ఇరవైకి కరెంటు పోయింది. మా నౌపడలో కరెంటు పోవడం వింత కాదు గాని, ఆ రోజు మాత్రం పోకూడదు. తొమ్మిదిన్నరకి నా మనవరాలు స్వర్ణకి మీటింగు. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉంది. ఆసుపత్రులకి వచ్చే ఫోన్లు ఎత్తి, ఏ రోగి ఏ రోజు రావాలో రాసుకుంటారు. పిల్ల ఇంట్లో కూర్చునే ఆ పని చేస్తుంది. ఉప్పు మడుల్లో ఎండకి మాడి మా అబ్బాయి పాల్ చదివించిన కూతురు. మరో పది రోజులు గడిస్తే ఆరు నెలలు నిండుతాయి, పర్మనెంటు చేస్తారు. ఈలోగా మూడు ఆబ్సెంట్లు పడితే మాత్రం తీసేస్తారు. అప్పటికే రెండు పడ్డాయి.

ఆ రెండు రోజులూ పిల్ల మీటింగులో కూర్చోవడం నేను నా కళ్లతో చూశాను. ఆలస్యంగానే అనుకోండి, చివరిదాకా కూర్చుంది. మరి ఆబ్సెంటు ఎలా పడిందే అంటే, "మేడం మొదట్లోనే పేర్లు పిలిసేస్తాది మామ్మా. నాను ఎల్లేసరికి అయిపోనాది," అంది. నేనూ తరచి అడగలేదు.

లాప్‌టాప్ బ్యాటరీ పాడై నెలైంది. ఇక ఫోనే దిక్కు, దానికి సిగ్నలు మేడ మీదే. స్వర్ణ రెండేసి మెట్లు ఎక్కేసింది. ఎండకి ఫోను అద్దం కనబడదు కదా అని గొడుగు పట్టుకుని నేనూ ఎక్కాను.

"నువ్వేల వస్తన్నావు మామ్మా, పడిపోతావు."

"నీ ఉద్యోగం పడిపోకండా సూసుకో. నా మోకాళ్ల సంగతి నాను సూసుకుంటాను."

ఫోనులో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. తొమ్మిదీ ఇరవై తొమ్మిది. ముప్పై రెండు. ముప్పై నాలుగుకి మీటింగు దొరికింది. చెవిలో పెట్టుకునేవి కింద మరిచిపోవడంతో అన్ని మాటలూ నాకు వినబడుతున్నాయి. పేర్లు పిలవడం అయిపోయింది. పద్మకుమారి మేడం ఏదో పని గురించి చెబుతోంది.

అప్పుడు స్వర్ణ ఏం చేసిందనుకున్నారు? తన బొమ్మ కనబడకుండా చేసింది, మాట వినబడకుండా చేసింది. చున్నీ తల మీదికి లాక్కుని, గచ్చు మీద కాళ్లు ముడుచుకుని, తల వంచుకుని కూర్చుంది.

ఆ కూర్చోవడం నాకు తెలుసు. ఆరేళ్లప్పుడు దాని చెవి మెలేసి నేర్పిందే నేను. చర్చికి ఆలస్యమైతే చెప్పులు బయట వదిలి, చప్పుడు లేకుండా వెనక చాప మీద కూర్చోవాలి. ఎవరి మొహమూ చూడకూడదు, ప్రార్థన అయ్యేదాకా ఎవరికీ వందనాలు చెప్పకూడదు. మా అమ్మ నాకూ అలాగే నేర్పింది.

"ఒసే, నువ్వు వచ్చినట్టు ఆవిడికి తెలుసా?"

"మద్దెలో మాటాడితే మరియాద కాదు కదా. అయ్యాక సెప్దామంటే ఆవిడే ముందు ఎల్లిపోతాది. తరవాత సెప్తే సాకులనుకుంటాది."

"ఆ రెండు రోజులూ ఇలగే కూకున్నావా?"

"మరి? నువ్వే కదా నేర్పినావు."

అంతలో ఫోనులోంచి మేడం గొంతు. "స్వర్ణ ఈ రోజూ లేదు. త్రినాథ్, మూడోది రాసేయండి. మీటింగు అవగానే పైవాళ్లకి పంపిద్దాం."

"సరే మేడం," అన్నాడు ఆ త్రినాథ్ ఎవరో.

"పలకవే."

"ఆవిడ ఇంకా మాటాడతన్నాది మామ్మా."

"దేవుడికైతే నువ్వు సెప్పకపోయినా తెలుస్తాది. ఆవిడికి ఎలగ తెలుస్తాదే?"

వేలు ఫోను మీద పెట్టింది గాని నొక్కలేదు. నేనే నొక్కుదును, ఏది నొక్కాలో తెలిస్తే. మేడం వేరే సంగతిలోకి వెళ్లిపోయింది. అప్పుడు నొక్కింది పిల్ల.

"మేడం, నేను స్వర్ణని. తొమ్మిదీ ముప్పై నాలుగుకి వచ్చాను. కరెంటు పోయింది. సారీ మేడం."

"వీడియో పెట్టండి," అంది మేడం. పెట్టింది. "ఉండి కూడా, మీ పేరు ఎత్తినప్పుడు పలకలేదేం?"

"మధ్యలో మాట్లాడితే బాగుండదని." అటు ఎవరో నవ్వారు. స్వర్ణ ఆగలేదు. "కిందటి రెండుసార్లూ కూడా ఉన్నాను మేడం. చివరిదాకా."

"త్రినాథ్, చూడండి."

అతను వెతుకుతున్నాడు. టకటకమని చప్పుడు. గొడుగు పట్టిన చెయ్యి లాగేస్తోంది, అయినా మార్చుకోలేదు. మార్చుకుంటే ఏదో చెడిపోతుందని నా భయం.

"ఉంది మేడం. ఆరో తారీకు తొమ్మిదీ నలభై నుంచి ఆఖరుదాకా. పంతొమ్మిదినా అంతే."

"ఇరవై ఎనిమిది మందిలో నోరు మెదపనివాళ్లు నాకెలా కనిపిస్తారమ్మా?" మేడం గొంతు మెత్తబడలేదు. "ఆబ్సెంట్లు తీసేయండి త్రినాథ్. మూడూ లేటు అని రాయండి. స్వర్ణా, లేటు కూడా ఊరికే పోదు. పర్మనెంటు సంగతి ఒక నెల వెనక్కి వెళ్తుంది. రోజూ అయిదు నిమిషాలు ముందుండాలి. ఆలస్యమైతే రాగానే ఒక్క ముక్క చెప్పాలి."

"సరే మేడం."

"ఆ గొడుగు ఎవరు పట్టుకున్నారు?"

"మా మామ్మ."

"ఆవిణ్ణి కూర్చోమనండి."

కూర్చున్నాను. మీటింగు అయ్యేదాకా గొడుగు మాత్రం దించలేదు.

మర్నాడు కరెంటుని నమ్మక, తొమ్మిదీ ఇరవైకే స్వర్ణ ఫోను పట్టుకుని మేడ మీద ఉంది. "గుడ్ మార్నింగ్ మేడం, స్వర్ణ వచ్చింది," అనడం కింద పొయ్యి దగ్గరున్న నాకు వినిపించింది. అటునుంచి జవాబు లేదు. ఇంకా ఎవరూ రాలేదట. అయిదు నిమిషాలాగి, మళ్లీ చెప్పింది.