ఎర్ర గ్లోవు

మంగళవారం వచ్చిందంటే డోరీన్‌కి ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. ఆ పూట తమ్ముడు మైరన్ ట్యాబు పట్టుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడు. లోపల్నుంచి ఓ ఆడమనిషి గొంతు. పేరు ఓడెట్. ఎక్కడో మాంట్రియల్లో కూర్చుని ఇక్కడ రెజైనాలో ఉన్నవాడి మనసు బాగుచేస్తుందట. అసలావిడకి కాళ్ళూ చేతులూ ఉన్నాయో, ముఖమొక్కటే ఉందో ఎవరు చూడొచ్చారు?

మైరన్‌కి నలభై దగ్గరపడుతున్నాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. చదవడం రాదు, బస్సెక్కి వర్క్‌షాపుకి మాత్రం ఒక్కడే వెళ్ళొస్తాడు. అమ్మ పోయాక అతన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నది డోరీనే. ఆమధ్య అతని స్నేహితుడు క్లిఫర్డ్, ఇలాంటివాళ్ళు నలుగురు కలిసుండే ఇంటికి మారిపోయాడు. అక్కడింకో గది ఖాళీగా ఉంది, మైరన్‌నీ పంపుతారా అని ఆ ఇల్లు నడిపేవాళ్ళు అడిగారు. "నాతోనే ఉంటావు కదూ?" అంది డోరీన్. "ఊఁ" అన్నాడు. అక్కడితో సరి.

ఆ తర్వాతే గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. బంగాళాదుంప కూరి ఉడికించే పెరోగీలు చేసి పెట్టినా ముట్టలేదు. ఇలాంటివాళ్ళకి మనసు బాగోకపోతే చూసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ దొరకలేదు. డాక్టరు ఈ ఓడెట్‌ని తగిలించాడు.

ఇప్పుడు తిండి తింటున్నాడు, అది నిజమే. కాదని ఎవరన్నారు? కానీ వేషాలు కూడా మొదలయ్యాయి. ఇంట్లో, హీటరు పక్కన, ఎడమ చేతికి ఎర్ర ఉన్ని గ్లోవు తొడుక్కుని తిరగడమేమిటి? మొన్న టమాటా సూపు పెడితే ఆ గ్లోవు చెయ్యి ఆమె మొహం ముందు పెట్టాడు. ఇన్నేళ్ళూ గిన్నె నాకేసిన సూపు.

"ఎవరు నేర్పార్రా ఇవన్నీ?"

"ఓడెట్."

డోరీన్ గరిటె పక్కన పడేసి ఎదురుగా కూర్చుంది. "మన ఇల్లెవరి పేరున ఉందని అడిగిందా?"

"ఊఁ."

"అక్కకి చెప్పొద్దందా?"

"ఊఁ."

"నా మీద చాడీలు చెప్పిందా?"

"ఊఁ, అక్కా."

ఇంకేం కావాలి! ఎక్కడో ఉన్న ఆ తెరబొమ్మ తన తమ్ముణ్ణి తన చేతుల్లోంచి లాక్కుంటోంది. మరుసటి మంగళవారం డోరీన్ కుర్చీ లాక్కుని మైరన్ పక్కనే బైఠాయించింది.

తెర మీద నెరిసిన జుట్టు, కళ్ళజోడు, చేతిలో టీ కప్పు. చూడ్డానికి పెద్దమనిషే. దొంగలందరూ అలాగే ఉంటారు.

"నమస్తే డోరీన్ గారూ," అంది ఓడెట్. "మైరన్, అక్కని ఉండమంటావా, బయటికి వెళ్ళమంటావా?"

"ఉండనీ."

"ఆ మర్యాదలు తర్వాత," అంది డోరీన్. "మా ఇల్లెవరి పేరునుంటే నీకెందుకమ్మా? నాకు చెప్పొద్దని వాడికి నూరిపోస్తావా? వాడే చెప్పాడు, నేను కల్పించింది కాదు."

ఓడెట్ కప్పు కింద పెట్టింది. "మైరన్, నేనివాళ గుర్రమెక్కి వచ్చానా?"

"ఊఁ."

"పొద్దుట్నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నానా?"

"ఊఁ."

వాడు దేనికైనా ఊఁ అంటాడని డోరీన్‌కి ఒకరు చెప్పాలా? పళ్ళ డాక్టరు నొప్పి లేదుగా అంటే ఊఁ, టీచరు అర్థమైందా అంటే ఊఁ. ఊఁ అంటే ఎవరూ కసురుకోరని చిన్నప్పుడే కనిపెట్టాడు. అన్నీ తెలిసే మర్చిపోయింది. మర్చిపోతే సుఖంగా ఉండేది మరి.

"మైరన్‌కి నోటితో వద్దనడం కష్టంగా ఉంది. అందుకే గ్లోవు," అంది ఓడెట్. "ఇష్టం లేకపోతే ఆ చెయ్యెత్తాలి. రోజూ కాస్త సాధన. సూపుతో మొదలెట్టాడు."

"ఇన్నేళ్ళూ ఇష్టం లేకుండానే తిన్నావట్రా?"

"ఊఁ," అన్నాడు మైరన్. ఆ ఊఁని నమ్మాలో వద్దో డోరీన్‌కి తెలియలేదు.

ఒళ్ళు మండిపోయింది. "ఇవాళ సూపు వద్దనిపించావు, రేపు నన్నే వద్దనిపిస్తావు. నీ ఎదురుగానే అడుగుతాను, చూసుకో." తమ్ముడి వైపు తిరిగింది. "మైరన్, నువ్వెప్పుడూ నాతోనే ఉంటావు కదూ?"

మైరన్ నోరు ఊఁ అనడానికి సిద్ధంగా గుండ్రంగా తెరుచుకుంది. మాట రాలేదు. గ్లోవు వంక చూసుకున్నాడు, అక్క వంక చూశాడు. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. ఎక్కువ కాదు, చెవి దాకా.

"క్లిఫర్డ్ దగ్గర," అన్నాడు.

ఓడెట్ అప్పుడు ఒక్క మాటన్నా ట్యాబు గోడకి తగిలేదే. డోరీన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని మింగడానికి కిటికీ వైపు తిరిగింది. ఆమధ్య ఆ గది సంగతి అడిగినప్పుడు కూడా వీడు ఇదే అనేవాడేమో. అనే వీలు లేకుండా తనే అడిగింది.

మైరన్ గ్లోవు లాగి ఆమె ఒళ్ళో పెట్టాడు. "నువ్వూ వేసుకో అక్కా. నేను వెళ్తా. వద్దా?"

డోరీన్ ఎడమ చేతికే వేసుకుంది. అతని చెయ్యి వెచ్చదనం ఇంకా లోపలుంది. పైకి లేవబోతున్న ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్ళోనే ఉంచుకుంది.