కోరానికి పదహారు మంది తక్కువ

యంజ్మా బాగ్ గవర్నరు పదవికి రాజీనామా రాసి ఆరు నెలలయింది. పైనున్న, తాలూకాలాంటి సోమ్‌కి గవర్నరు ఆ కాగితం చదివి వెనక్కి ఇచ్చేశాడు. "నియమించింది నేనే, కాదనను. కానీ ముందు నీ పేరు చెప్పింది మీ బాగ్ జనం. వాళ్ల సభ సరేనంటేనే నేను సంతకం పెట్టగలను" అన్నాడు.

ఆమె గవర్నరుగా ఉన్న బాగ్ అంటే ఒక ఊరు కాదు, సోమ్‌లో ఒక చిన్న భాగం; అందులో నూట పన్నెండు గుడారాలు. అవి ఒక్కచోట ఉండవు, గడ్డి ఎటుంటే అటు పోతుంటాయి. ఎనిమిదేళ్లుగా యంజ్మా మోటారు సైకిలు మీద వాటి వెంట తిరుగుతోంది. పింఛను కాగితాలు, పుట్టిన పిల్లల నమోదు, గొర్రెల టీకాల కబురు, గుర్రాలు మందలు మారిన తగాదాలు, అన్నీ ఆమె నెత్తినే. సభ చెల్లాలంటే సగానికి పైగా ఇళ్ల నుంచి ఒక్కొక్కరైనా రావాలి. మొదటిసారి ముప్పై తొమ్మిది మంది వచ్చారు. రెండోసారి నలభై ఒక్కరు, అంటే పదహారు మంది తక్కువ. వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

మూడోసారి కబురు చెప్పడానికి బయలుదేరిన రోజు దుమ్ముగాలి మొహాన కొడుతోంది. చోయ్‌జంత్స్ గుడారం ముందు బండి ఆపి, "కుక్కని పట్టుకోండి" అని కేకేసింది.

"ఎవరూ, గవర్నరమ్మా? రా, లోపలికి రా. మళ్లీ సభేనా?" అన్నాడు ముసలాయన.

"మళ్లీ సభే బాబాయ్. శుక్రవారం పొద్దున, బడి హాల్లో."

"మందలన్నీ ప్రభుత్వానివైన సమష్టి మందల కాలంలో మా పనిజట్టుకి, బ్రిగేడుకి నేనే పెద్దని. కబురంపితే పొద్దెక్కేలోపు అరవై గుర్రాలు వచ్చి నిలబడేవి. రానివాడి పేరు రాసుకునేవాళ్లం."

"ఇప్పుడు పేరు రాసేదీ నేనే, బతిమాలేదీ నేనే."

ఆయన నవ్వి, ఉప్పు వేసిన పాల టీ గిన్నె ఆమె చేతికిచ్చాడు. "నేను రాను యంజ్మా."

"ఎందుకని?"

"కోప్పడకు, ఉన్నమాట చెప్తా. ఎవరూ మర్చిపోయి మానెయ్యట్లేదు. వచ్చి చెయ్యెత్తితే నువ్వు పోతావు, రాకపోతే ఉంటావు. నీ తర్వాత చేస్తానంటున్నాడే, ఆ పశువుల వైద్యం మ్యాగ్మర్, వాడు నా గుడారం దాకా వచ్చి పింఛను కాగితం రాసిపెడతాడా? పట్నం పోదామంటే నాకా మోకాళ్లు సాగవు. పోయినా అక్కడి ఆఫీసులో నన్నెవరు పట్టించుకుంటారు?"

యంజ్మాకు కోపం రాలేదు. జనానికి బద్ధకమని ఇన్నాళ్లూ అనుకుంది. తనంటే ఇష్టంతోనే కట్టేశారని ఇప్పుడు తెలిసింది. గిన్నె కింద పెట్టి లేవబోయింది. నడుము పట్టేసింది. సగం లేచి అలాగే వంగి ఉండిపోయింది. ముసలాయనా, ఆయన భార్యా చెరో చెయ్యి పట్టి మంచం మీద పడుకోబెట్టారు.

"ఎన్నాళ్ల నుంచే ఇది?" అందావిడ.

"రెండేళ్లు."

"ఒక్కనాడూ చెప్పలేదేం?"

"అడిగిందెవరు పిన్నీ? ఏ గుడారంలో అడుగుపెట్టినా 'నా కాగితం ఏమైంది' అనే అంటారు."

చోయ్‌జంత్స్ లేచి బయటికి వెళ్లాడు. సాయంత్రం ఆమె లేచి బండెక్కేవరకు బయట కూర్చునే ఉన్నాడు.

శుక్రవారం బడి హాల్లోకి అరవై ముగ్గురు వచ్చారు. చోయ్‌జంత్స్ మనవడి జీపులో వచ్చి, ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఎన్ని గుడారాల దగ్గర ఆగాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. రాజీనామాకు చేతులు లేచాయి. మ్యాగ్మర్ పేరుకు కూడా లేచాయి, కాస్త నెమ్మదిగా.

అప్పుడు సోమ్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి గొంతు సవరించుకున్నాడు. "కొత్తాయన నియామకం ఉత్తర్వు రావడానికి ఒక నెల పడుతుంది. అప్పటిదాకా యంజ్మాగారే చూసుకోవాలి."

ఆమె కళ్లు మూసుకుంది. వాదించే ఓపిక కూడా మిగల్లేదు.

చోయ్‌జంత్స్ కర్ర మీద బరువేసి లేచాడు. "నెల అయితే నెల. కానీ ఈ అమ్మాయి బండి ఎక్కదు. ఎవరికి పనుంటే వాళ్లే కాగితం పట్టుకుని ఆమె గుడారానికి వెళ్లండి. వెళ్లలేనివాడి కాగితం పక్కవాడు తీసుకెళ్లాలి."

"నీ కాగితమెవరు తీసుకెళ్తారు తాతా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నువ్వే. నోరున్నవాడివి నువ్వే కదా."

హాలంతా నవ్వారు. యంజ్మా మాత్రం గోడకు ఆనుకుని, చేతిలో చల్లారిపోయిన టీ తాగింది.

సోమవారం ఆమె గుడారానికి ముగ్గురు కాగితాలు పట్టుకుని వచ్చారు. మంగళవారం గాలి మరీ ఎక్కువైనా ఇద్దరొచ్చారు. కుక్క అరిచినప్పుడల్లా ఆమె భర్త బయటికి వెళ్లి పట్టుకున్నాడు. ఆమె వెల్లకిలా పడుకునే, అట్టముక్క మీద కాగితం పెట్టి, ఒక్కొక్కరినీ పేరూ పుట్టిన ఏడూ అడుగుతూ రాసింది.