గాలికి తిరగని గాలిమర

కాలేజీ వర్క్‌షాపు మేడ మీద తిరుపాలు సార్ గొంతుక్కూర్చుని ఫైబర్ రెక్కను ఉప్పుకాగితంతో రుద్దుతున్నారు, ఆయన పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు, అయినా అది అడగవలసిన సంగతిలా అనిపించడం లేదు, మేడ అంచులు ఎక్కడున్నాయో కనబడవు, కాస్త ముందుకు నడిస్తే సిమెంటు నేల మెత్తబడి ఆస్పత్రి వరండా అయిపోతుంది, వెనక్కి తిరిగితే మళ్లీ మేడే. ఆయన వేళ్ల మధ్య రెజిన్ జిగురు సాగుతోంది, ఆ ఘాటు నా నాలుక మీదికొచ్చి కూర్చుంటే ఉమ్మెయ్యాలనిపిస్తుంది, ఉమ్మడానికి చోటు కనబడదు.

"తిరుగుతాండాదా హిమజా?" తలెత్తకుండానే అడుగుతారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తూ ఆయనతో కలిసి మొదలుపెట్టిన గాలిమర సంగతే ఆయన అడిగేది. నిలువు ఇరుసు చుట్టూ మూడు రెక్కలు నిటారుగా నిలబడే రకం అది, గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా తీసుకుంటుంది గానీ చిన్న గాలికి తనంతట తాను కదలదు, ఎవరో ఒకరు చేత్తో తోయాలి. ఆ మొండితనం పోగొట్టడానికి రెక్క ఆకారం మార్చి మార్చి చూశాం. వెనక అంచు కొంత కోసి దోసిలిలా తెరిస్తే నెమ్మది గాలికి కూడా కదిలింది, కానీ వేగం అందుకున్నాక ఆ దోసిలే అడ్డంపడి వెనక్కి లాగింది. దానికి విరుగుడు దొరక్కముందే సార్ గుండె ఆగిపోయింది.

"తిరుగుతోంది సార్. గాలికి కాదు."

రుద్దే చెయ్యి ఆగుతుంది.

ప్రిన్సిపాల్ దాన్ని గేటు దగ్గర నిలబెట్టించి రంగులు వేయించారని, సాయంత్రం మంత్రి వచ్చేసరికి కదలకపోతే పరువు పోతుందని స్తంభం కింద పెట్టెలో ఇరుసుకు కరెంటు మోటారు బిగించారని, ఇక ఆ మోటారు తిప్పితే తప్ప ఎంత గాలికీ అది కదలదని, దాని మీద సార్ పేరుతో పలక కొట్టి దండ వేశారని, పక్కన నిలబడి ఇది గాలికే తిరుగుతోందని నన్ను చెప్పమన్నారని ఒక్కొక్కటే చెబుతూ ఉంటే నోట్లో ఏదో బంకగా ఊరుతుంది, వేళ్లు పెట్టి లాగితే తీగలు తీగలుగా వస్తూనే ఉంటుంది, అయిపోదు.

"థూ," అంటారు సార్, "మొరాయించే మిషన్ను చూస్తే నాకెప్పుడూ సిగ్గు గాలేదమ్మా. తిరగల్యాకుంటే తిరగలేనని చెప్తాండాది, అంతే గదా. దీన్ని తలుచుకుంటేనే సిగ్గయితాండాది."

"మరి మీ పేరు సార్?"

"పీకి పారెయ్. ముందు ఆ మోటారు పీకు."

ఇప్పుడు మేం వరండాలో ఉన్నాం, మంచం మీద దుప్పటి కప్పుకుని రెక్క పడుకుని ఉంది, సార్ దుప్పటి తొలగించి దాని వెనక అంచును కనురెప్పలాగా పైకెత్తి చూపిస్తారు. "ఈడ కీలు పెట్టి మూత బిగించు. నిదానంగా తిరిగేటప్పుడు తెరుచుకోనుంటాది, జోరందుకుంటే ఆ విసురుకే మూసుకుంటాది."

"కీలు అరిగిపోతుంది సార్."

"అరిగితే మార్చుకో. అరగడం తప్పు గాదులే."

చివరి రోజున నొప్పి పుట్టిందా అని అడగాలని ఉంది, కానీ మూత ఎంత తెరవాలి సార్ అని అడుగుతాను, ఆయన నవ్వి ఏదో చెబుతున్నారు, ఎక్కడినుంచో గుయ్‌మని మోత లేచి ఆయన మాటల్ని మింగేస్తోంది, నేను దగ్గరికి జరుగుతాను, ఇంకా దగ్గరికి, పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతలో మోత తెగిపోతుంది, ఆయనా లేరు.

స్టాఫ్‌రూమ్ కుర్చీలో కళ్లు తెరిచాను. మధ్యాహ్నపు వెలుగు. నెత్తిమీద ఫ్యాన్ ఆగిపోయి ఉంది, కిటికీ పరదా మాత్రం ఈదురుగాలికి ఎగిరెగిరి నా మొహాన కొడుతోంది. అటెండరు సుంకమ్మ గుమ్మంలో నిలబడి గేటు వైపు వింతగా చూస్తోంది.

"కరెంటు పాయె మేడం," అంది, "ఆ గాలిమర గూడా ఆగిపాయె. ఇంత గాలి కొడతాంటే!"

"బోల్టులు విప్పే పానా యాడుంది సుంకమ్మా?" అంటూ లేచాను.