ఆకుపచ్చగా మారిన ఇల్లు

కాలనీ కమ్యూనిటీ హాల్లో గోడకు పెద్ద తెర ఒకటి ఉండేది. ఏ ఇంట్లో ఎంత కరెంటు, ఎంత గ్యాసు వాడుతున్నారో, దానివల్ల గాలిలోకి ఎంత కార్బన్ చేరుతోందో అది గీతలు గీసి చూపించేది. ఎక్కువ వాడే ఇల్లు ఎర్రగా, తక్కువ వాడేది ఆకుపచ్చగా కనిపించేది. దాన్ని తయారుచేసిన అమ్మాయిని అందరూ గీతలమ్మాయి అనేవారు.

తెర పెట్టాక జనంలో మార్పు వచ్చింది. పట్టపగలు వెలిగే వరండా లైట్లు ఆరిపోయాయి. ఒక్క టైలరు ఇల్లు మాత్రం ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. “పొద్దస్తమానం ఏం కుడతాడో మహానుభావుడు! మన ప్యాంట్లు చూస్తే పొట్టిగానే ఉంటాయి,” అని ప్రెసిడెంటు జోకులేసేవాడు. అందరితోపాటు గీతలమ్మాయీ నవ్వేది.

ఈసారి లెక్కలు తీస్తే అందరికంటే ఎక్కువ తగ్గించింది ఆ ఇల్లే. ప్రెసిడెంటు ఉబ్బితబ్బిబ్బై, గీతలమ్మాయిని వెంటబెట్టుకుని టైలరింటికి వెళ్ళాడు.

“ఏం మాయ చేశావయ్యా? మీటింగులో నువ్వు రెండు ముక్కలు చెప్పాలి,” అన్నాడు గుమ్మంలోంచే.

కాలితో మిషను తొక్కుతున్న టైలరు ఆగాడు.

“మా చెల్లి పోయిందండీ. ఊపిరితిత్తులు చెడిపోయి ఆక్సిజన్ మిషను మీదే బతికింది. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తిరిగి తీసుకురాలేకపోయాను. ఆ మిషను అద్దెది, వాళ్ళొచ్చి పట్టుకుపోయారు.”

ప్రెసిడెంటు “అయ్యో” అని వెళ్ళిపోయాడు. గీతలమ్మాయి అక్కడే ఉండిపోయింది.

“మాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?”

“అదే వద్దంది. ఫోనులో రోజూ మీ గీతలు చూసేదమ్మా. ‘ఇవాళా మనమే ఎర్రగా ఉన్నాం, అందరికీ నా వల్లే చెడ్డపేరు’ అనేది. చూడలేక కుట్టుమిషనుకి మోటారు పీకేసి కాలితో తొక్కడం మొదలెట్టాను. మర్నాడు గీత ఇంత దిగింది.” రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించాడు. “చప్పట్లు కొట్టింది పిచ్చిది. అంతలోనే ఆయాసం.”

పాత గీత ఇంకా ఉందా అని అడిగాడు. ఆమె ఫోను తీసి చూపించింది.

“ఇక్కడ ఎండలు, ఏసీ వేశాను. ఇక్కడ కరెంటు పోయింది, ఆక్సిజన్ సిలిండరు పెట్టాం. ఎంత భయపడిందో.” గీత ఒక్కసారిగా పడిపోయిన చోట అతని వేలు ఆగింది. “గెలిచామని మాత్రం రాయొద్దమ్మా.”

ఆ ఇల్లు లెక్కలోంచి తీసేస్తే కాలనీ పెట్టుకున్న లక్ష్యం అందనట్టే. ఆమె వెళ్ళి ఆ మాట చెబితే, “అలాగే ఉంచేస్తే ఎవరికి తెలుస్తుందమ్మా?” అన్నాడు ప్రెసిడెంటు.

“నాకు తెలుసు కదండీ.”

మీటింగులో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. “ఇళ్ళల్లో ఎవరు జబ్బుగా ఉన్నారో నేను అడగనే లేదు,” అంది. వెనక వరుసలో ఒకావిడ లేచి, “మా ఆయనకీ అలాంటి మిషనే ఉందమ్మా. సిగ్గేసి చెప్పలేదు,” అంది. ఇంకో చెయ్యి లేచింది. వైద్యం కోసం వాడే కరెంటుకి ఎర్రరంగు ఉండకూడదని అందరూ ఒప్పుకున్నారు.

ఆ సంగతి చెప్పడానికి ఆమె మళ్ళీ టైలరింటికి వెళ్ళింది. అతను తలూపుతూ విన్నాడు.

“మంచి పని చేశావు. మనవల్ల ఎవరికీ నష్టం లేదే అని నేను ఎంత చెప్పినా చెల్లి నమ్మేది కాదు,” అన్నాడు. “నువ్వొచ్చి చెప్పుంటే నమ్మేదమ్మా.”

అప్పటిదాకా బిగబట్టుకున్నది తెగిపోయి, చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. గీతలమ్మాయి గుడ్డముక్కలు పక్కకు జరిపి, అతని పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.