ఎనోక్ విక్‌బీ ఎవరి కొడుకు?

దబీర్‌పురా స్టేషన్ సందులో మాది తాళ్ల దుకాణం. తాత పెట్టిండు, బాపు పెంచిండు, నేను నిలబెట్టిన. మండపాలు కట్టే వినాయక చవితికి ముందు ఇరవై రోజుల అమ్మకం మీదనే మాకు ఏడాది గడుస్తది. సరిగ్గా ఆ ఇరవై రోజుల్లో మా దుకాణం పై గదిని ఒక చచ్చిపోయిన అమెరికావాడు పట్టుకొని కూర్చున్నడు.

వాడి పేరు ఎనోక్ విక్‌బీ. పోయి మూడు వందల ఏండ్లు దాటింది. అద్దె ఇయ్యడు, ఖాళీ చెయ్యడు.

వాణ్ని తెచ్చి పెట్టింది మా కోడలు రశ్మి. అమెరికాలో ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తది. ఆ పని ఏందో నాకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. అమెరికా ఇంగ్లీషు రాజు కింద ఉన్న రోజుల్లో ఓడ దిగి అడవి కొట్టుకొని ఊళ్లు కట్టుకున్న కుటుంబాలున్నయట. వాళ్ల వారసులకు ఒక సంఘం. అందులో పేరు ఎక్కాలంటే, ఓడ దిగినవాడి నుంచి తన దాకా ప్రతి తరానికీ ఫలానావాడు ఫలానావాడి కొడుకు అని కాగితం చూపియ్యాలె. నాయనమ్మ చెప్పిన ముచ్చట్లు పనికిరావు. ఆ కాగితాలు వెతికి పెట్టుడు మా కోడలి పని.

ఆ సంఘంలో పేరెక్కాలని అడిగింది ఒహాయోలో డోరతీ అని ఎనభై నాలుగేండ్ల ముసలామె. ఆమె నుంచి పైకి, ఎనోక్ దాకా అన్ని తరాలకూ కాగితాలు దొరికినయి. మసాచుసెట్స్‌లో ఓడ దిగిన సామ్యూల్ విక్‌బీకీ కాగితాలున్నయి. ఎనోక్ ఆ సామ్యూల్ కొడుకే అని చెప్పే ముక్క ఒక్కటి లేదు. శుక్రవారం లోపల అది దొరకకపోతే కంపెనీ ఆ ఫైలును వేరేవాళ్లకిస్తది. రశ్మికి ఒంటరిగా ఇచ్చిన మొదటి ఫైలు అది. పోతే ఇంకోటి రాదు.

నా శుక్రవారం వేరే. ఆ రోజు కేరళ నుంచి కొబ్బరితాడు లారీ దిగుతది. గోదాము నిండా నైలాన్ ఉన్నది. వానకాలం, కొబ్బరితాడుకు చెమ్మ తగిలితే బూజు పట్టి ఎందుకూ పనికిరాదు. పొడిగా ఉండేది పై గది ఒక్కటే. అందుకే సోమవారం కోడలికి ఖరాఖండిగా చెప్పిన.

"బిడ్డా, శుక్రవారం లోపల నీ ఎనోక్‌కు తండ్రి దొరికిండా, గది నీది. దొరకలేదా, గది నా తాడుది."

"సరే మామయ్యా," అన్నది. అంత తొందరగా ఒప్పుకుంటే నాకు అనుమానమే.

మంగళవారం గది కొలతలు చూద్దామని మా హమాలీ మల్లన్నను తీసుకొని పైకి పోయిన. చూస్తే గోడ నిండా చీటీలు. చీటీకొక పేరు. ఒక్కో చీటీ నుంచి ఇంకో చీటీకి సన్న సుతిలి తాడు కట్టి, మేకులు కొట్టి ఉన్నది. నా సుతిలే, నా గోడే.

మల్లన్న నోరు తెరిచి చూసిండు. "సేటూ, వీళ్లంతా మన చుట్టాలా?"

"కాదు."

"మరి ఇన్ని మేకులెందుకు కొట్టనిచ్చినవ్?"

"నన్నడిగి కొట్టిండ్రనుకున్నవా?"

పైన సామ్యూల్ చీటీ, దాని కింద ఎనోక్ చీటీ. ఆ రెండింటి నడుమ సుతిలి లేదు. మల్లన్న ఆ ఖాళీని వేలితో చూపించి, "గీడ తెగిందా? ముడేయమంటవా?" అని అడిగిండు. రశ్మి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రాత్రి అన్నం దగ్గర మా ఇంటామె సావిత్రి అందుకున్నది.

"ఆ పిల్ల మానాన ఆ పిల్ల పని చేసుకుంటుంటే నీకేం లొల్లయ్యా?"

"చచ్చినోళ్ల కోసం గది ఇచ్చుకుంట కూర్చుంటే బతికినోళ్లం ఏం తినాలె?"

"చచ్చినోళ్లతోని నీకు పడదు, బతికినోళ్లతోనీ పడదు. కిషన్‌బాగ్ మొఖం చూసి పదకొండేండ్లయింది."

నేను చెయ్యి కడుక్కున్న. కిషన్‌బాగ్‌లో ఉండేది మా అన్న వైకుంఠం. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు కడుపు నిండిపోతది.

బుధవారం మధ్యాహ్నం లారీ డ్రైవర్ ఫోను చేసిండు, బయల్దేరిన అని. నేను పైకి పోయి ఇంకా ఎంతసేపని గట్టిగానే అడిగిన. రశ్మి కండ్లు ఎర్రగున్నయి. ఏడ్చిందో, ఆ పాత రాతలు చదివి చదివి అట్లయినయో.

"సామ్యూల్ వీలునామా ఇది మామయ్యా. 1689ల రాసిండు. భార్యకు మంచం, ఇనుప కుండ, ఆవు. నలుగురు కొడుకులకు భూమి. ఇద్దరు బిడ్డలకు దుప్పట్లు. అందరి పేర్లున్నయి. ఎనోక్ పేరు లేదు. అంటే కొడుకు కాదేమో. లేకుంటే తండ్రికి కోపమొచ్చి తీసేసిండేమో."

"ఎనోక్‌కు అప్పటికి పెండ్లయిందా?"

"అయింది. పదిహేనేండ్ల ముందే. పక్క ఊర్ల ఉండె."

"ఇల్లు, భూమి?"

"ఉండె. ఎక్కడిదో తెలుస్తలేదు. కొన్నట్టు లేదు."

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకున్న పిల్ల, ఇంత చిన్న సంగతి.

"కొనలేదంటే తండ్రి ఇచ్చిండు. పెండ్లప్పుడే వేరు పెట్టిండు. ఒకసారి వాటా ఇచ్చి పంపినోడి పేరు మళ్ల వీలునామాల ఎందుకు రాస్తడు? రాస్తే మిగిలినోళ్లు ఊకుంటరా? పేరు లేదంటే కొడుకు కాదని కాదమ్మా. వాడి లెక్క ముందే తీరిపోయిందని."

"ఆ ఇచ్చిన కాగితం కోసమే చూసిన మామయ్యా. ఎనోక్ పెండ్లి నుంచి ఎనోక్ పోయిన 1711 దాకా, భూముల రిజిస్టర్లన్నీ చూసిన. లేదు."

"పోయినంక?"

"పోయినోడి పేరు మీద పోయినంక ఎవరు రిజిస్టర్ చేస్తరు?"

"అమ్మెటోడు చేస్తడు." నేను స్టూలు గుంజుకొని కూర్చున్న. "మన సందుల సగం ఇండ్లకు కాగితం ముత్తాత పేరు మీదనే ఉన్నది. తండ్రి రాసిచ్చిన కాగితం పెట్టెల పడేస్తరు. ఎవ్వడూ ముట్టడు. మనమడు అమ్ముదామని పోయినప్పుడు, కొనెటోడు 'ఇది నీకెట్ల వచ్చింది' అని అడుగుతడు. అప్పుడు పెట్టె తెరుస్తరు, అప్పుడు ఆఫీసుకు ఉరుకుతరు. భూమి ఇచ్చిన రోజు కాదు, అమ్మిన రోజు చూడు."

రశ్మి నా మొహం చూసింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగింది. ఇక నేను ఉన్నట్టు కూడా గుర్తు లేదు ఆ పిల్లకు. చాయ్ తాగుతవా అని కూడా అడగలేదు.

గురువారం పొద్దున నేను షట్టర్ ఎత్తుతుంటే పైనుంచి కేకేసింది. "మామయ్యా! దొరికిండు!"

ఎనోక్ కొడుకు 1729ల ఆ భూమి అమ్మిండు. అదే రోజు, ఆ అమ్మకం కాగితానికి ముందు పేజీలోనే, యాభై అయిదేండ్ల కింది పాత కాగితాన్ని రిజిస్టర్ చేయించిండు. రశ్మి తెర మీద వేలు పెట్టి తెలుగు చేసి చదివింది. "నా కొడుకు ఎనోక్ మీద నాకున్న ప్రేమ, అభిమానం కొద్దీ, వాడు భార్యతో వేరు కాపురం పెడుతున్నందున, వాగు పక్కన పన్నెండు ఎకరాలు..."

ప్రేమాభిమానాలు. మన దగ్గర దానపత్రాలు రాసేటోళ్లు వాడే మాటలే. వాళ్లు మనకు నేర్పిండ్రో, ఎవరు ఎవరికి నేర్పిండ్రో నాకు తెలియదు.

సామ్యూల్ చీటీ నుంచి ఎనోక్ చీటీకి సుతిలి కట్టింది. ఆ తర్వాత డోరతీకి వీడియో ఫోను చేసింది. ఆ ముసలామె ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చిండ్రు. నాకు ఒకటే అర్థమైంది. గది పోయింది. నా నోటితో నేనే పోగొట్టుకున్న.

నేను దిగబోతుంటే రశ్మి అడిగింది. "ఆమె ఏమన్నదో తెలుసా మామయ్యా? సంఘంల పేరెక్కకున్నా సరేనట. ఎనోక్‌ను తండ్రి తీసెయ్యలేదని తెలిసింది, అది చాలట. చిన్నప్పటి నుంచి వాళ్లింట్ల అందరూ తీసేసిండనే అనుకున్నరట." ఎనోక్ చీటీ సర్దుకుంట, "పెద్దమామయ్యకు కూడా తాతయ్య ముందే ఇల్లు రాసిచ్చిండు కదా? ఆ కాగితం ఎక్కడున్నది?" అన్నది.

కోడలై మూడేండ్లయింది. మా అన్న మొహం కూడా చూడలేదు. ఎవరు చెప్పిండ్రో వేరే చెప్పాల్నా, సావిత్రి.

ఆ కాగితం నా తిజోరీలనే ఉన్నది. మా ఇంటి కాగితాలన్నీ దుకాణం తిజోరీలనే ఉంటయి, తాత రోజుల నుంచీ అంతే. బాపు పోయిన పదమూడో రోజు వీలునామా చదివినప్పుడు అందులో "నా కొడుకు ప్రహ్లాద్, నా బిడ్డ లీల" అని ఉన్నది. వైకుంఠం పేరు లేదు. అన్న లేచి, "మరి నేనెవరి కొడుకును?" అని అడిగి, చెప్పులేసుకొని పోయిండు. కిషన్‌బాగ్ ఇల్లు ఆయనకు ఎప్పుడో ఇరవై ఏండ్ల ముందే రాసిండు బాపు. ఆ మాట నేను చెప్పొచ్చు. చెప్పలేదు. ఇల్లున్నది కదా, ఇంకేం ఫికర్ అనుకున్న. ఇంకోటి కూడా ఉండె. అన్న వస్తే దుకాణంలో యజమాని కూర్చునే గద్దె మీద పెద్దోడు ఆయన. రాకపోతే నేనొక్కణ్ని. ఇన్నేండ్లూ ఆ లెక్క నాకు మంచిగనే అనిపించింది.

తిజోరీ తెరిచి ఆ దానపత్రం తీసిన. నేనూ ఎన్నడూ చదవలేదు. నిలబడే చదివిన.

శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చింది. దానితోపాటే సన్న జల్లు. టార్పాలిన్ ఒక మూల చినిగి ఉన్నది. డ్రైవరు దించుకో అని లొల్లి. మా అబ్బాయి అభిషేక్ పది గోదాములకు ఫోను చేసిండు, ఒక్కటీ ఖాళీ లేదు. మల్లన్న తలకు బస్తా కప్పుకొని నా పక్కకు వచ్చిండు.

"సేటూ, కిషన్‌బాగ్‌ల పెద్దసేటు ఇంటి కింది హాలు ఖాళీగున్నది. కిరాయికున్న టెంట్ హౌసోళ్లు పోయిన నెల పోయిండ్రు."

"నీకెట్ల తెలుసు?"

"నేను పండుగకు పండుగకు పోతనే ఉంట. లొల్లి మీ ఇద్దరికి, నాకేంది?"

కాగితం కవర్లో పెట్టి, కవర్‌ను అంగీ లోపల పెట్టుకొని కిషన్‌బాగ్ పోయిన.

అన్న తలుపు తీసి నన్ను చూసి ఒకటే మాట అడిగిండు. "ఎవరు పోయిండ్రు?"

"ఎవ్వరూ పోలేదన్నా. లారీ వచ్చింది."

"లారీ వస్తే నాకేంది?"

కవర్ చేతికిచ్చిన. అన్న అద్దాలు పెట్టుకొని, గడప మీదనే నిలబడి చదివిండు. పెదవులు కదులుతున్నయి. ఏ వరుస దగ్గర ఆగిండో నాకు తెలుసు. నేను ఆగింది కూడా అక్కడనే. "పదమూడేండ్ల వయసు నుంచి బడి మానుకొని నా వెంట దుకాణంలో కూర్చున్న నా పెద్ద కొడుకు వైకుంఠం మీద నాకున్న ప్రేమాభిమానాలతో."

"సంతకం పెట్టమన్న కాడ పెట్టిన," అన్నడు అన్న, అద్దాలు తీసి. "ఏం రాసిండో బాపు నాకు చూపియ్యలేదు. ఇది ఇన్ని రోజులు ఎక్కడుండె?"

"తిజోరీల."

"పదకొండేండ్లు?"

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు."

అది నిజం. చూరు నుంచి నీళ్లు నా భుజం మీద పడుతున్నయి. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"లారీ ఎక్కడున్నది?" అన్నడు చివరికి.

"దుకాణం ముందట."

"తడుస్తున్నదా?"

"తడుస్తున్నది."

"మరి ఇక్కడ నిలబడి ఏం చూస్తున్నవ్? తీసుకరా పో. షట్టర్ నేను తీస్త."

పన్నెండు గంటలకల్లా సరుకంతా కింది హాల్లో పడింది. అన్న కాగితాన్ని అంగీ జేబులో పెట్టుకునే అటూ ఇటూ తిరిగిండు, ఇంట్ల పెట్టిరమ్మని వదినె ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒక కట్ట విప్పి, తాడు కొసను వేళ్ల నడుమ తిప్పి, పురి విప్పి చూసిండు.

"ప్రహ్లాదూ."

"ఏందన్నా?"

"ఇది సరిగ ఎండని పీచు. లారీ మొత్తం ఇదేనా? ఎవడురా నీకు అంటగట్టింది?"

మల్లన్న అటు తిరిగి నవ్విండు. నాకు ఒళ్లంతా మండింది. తాడు ముట్టుకొని చూస్తే ఆయన చెప్పింది నిజమే.

"రేపటి నుంచి నేనొచ్చి కూర్చుంట," అన్నడు అన్న. "గద్దె మీద కాదులే, భయపడకు. స్టూలు మీద."